ముప్పై ఐదుకి తోడు

గుజరాతీ గల్లీ. గౌసుద్దీన్ గాజుబల్ల మీద
మూడు లెన్సులు. జేబులో ఒక్కదానికే డబ్బు.

"ముప్పై ఐదున్నది గదా, మళ్ల యాభై దేనికి?
రెండడుగులు ముందట్కి నడు, గదే యాభై."

తొంభై బిగించి ఇచ్చాడు.
కిటికీలో తెల్లగీతల చట్రం తపాలా బిళ్లంత.
అందులో, ఎదురు మెట్ల మీద
మల్లెలు కట్టే నాలుగు చేతులు
రింగు తిప్పగా తిప్పగా రెండయ్యాయి.
గీతల అవతల
ఇంకా ఫొటోలోకి రాని ఆటో, తడవబోయే మూటలు,
వానకి ముందొచ్చే ఆ పచ్చటి వెలుతురు.

"మరి దగ్గరివాళ్లకి?"
"మూరన్నర లోపట్కొస్తె దేన్ల సుత బొమ్మ కలవదు"
అని, నా కళ్లజోడు లాక్కుని తుడిచిచ్చాడు.

బస్సు డబ్బులూ అయిపోయాయి.
తొంభై సంచిలో పెట్టి
ముప్పై ఐదుతో
అఫ్జల్‌గంజ్ దాకా
రెండేసి అడుగులు ముందుకి.