పంటు ఎక్కని సామాను

పదహారు బేసు పెట్టెలు, ఎనిమిది టాపులు,
కళ్లలో సూదులు గుచ్చే లైట్లు,
పొగ మిషను,
వీటన్నిటికీ మేత వేసే జనరేటరు.
ఇంతా మోసే లారీ అద్దం మీద
వెండి అక్షరాల్లో 'డీజే ఏసుబాబు, రాజోలు'.
పేరు నాది, లారీ ఫైనాన్సువాళ్లది.
చెవులు ఎవరివో
నాలుగేళ్లుగా ఎవరూ అడగలేదు.

ల్యాప్‌టాప్ తెర మీద రెండు రంగుల కెరటాలు పాకేవి.
సింక్ నొక్కితే
రేషన్ షాపు ముందు జనంలా వరసలో నిలబడేవి.
ఆ ఖాళీలో నేను
డీజిల్ లెక్క చూసుకునేవాణ్ణి,
ఎస్సై గారి ఫోనుకి
ఆయ్, తగ్గిస్తున్నానండీ అనేవాణ్ణి,
తగ్గించేవాణ్ణి కాదు.
పెంకులు జారేవి. గేదెలు పలుపులు తెంచుకునేవి.
జనం ఎగిరేవారు. ఎగురుతున్నారని
తెర మీది గీతల్ని బట్టి అనుకునేవాణ్ణి.

శ్రావణం. గోదారికి ఎర్రనీరు తగిలింది.
లంకలో పెళ్లి. అడ్వాన్సు అప్పటికే తినేశాను.
రేవులో పంటు సరంగు
లారీ చుట్టూ ఓసారి తిరిగొచ్చి
బీడీ పారేసి అన్నాడు:
"ఇది ఎక్కితే మనం దిగాలండి."

నూకరాజు నా మొహం చూశాడు. నేను నీళ్లు చూశాను.
చివరికి పంటు ఎక్కినవి
మొట్టమొదట కొన్న రెండు ప్లేయర్లు,
సీటు వెనక స్టెప్నీ పక్కన పడున్న
రెండు చానళ్ల మిక్సరు,
ఒకే ఒక్క పెట్టె,
టేపు చుట్టిన హెడ్‌ఫోను.
అన్నీ కలిపి రెండు అరటిగెలల బరువు.

లంకలో కరెంటు కూడా బెదురుతూ వచ్చింది.
దింపుకాయల రాశి పక్కన బల్ల,
మిక్సరు కింద, అదురు తినడానికి, గుప్పెడు కొబ్బరిపీచు.
సింక్ లేదు. తెర లేదు.
మొదటిసారి కలపబోతే
కొత్తగా కాడి కట్టిన కోడెల్లా
రెండు పాటలూ చెరోవైపు లాగాయి.
నూకరాజు అటు తిరిగి దగ్గాడు.
చెమట. ఒక చెవి లోపల, ఒక చెవి బయట.
వెనకబడిన దాన్ని బొటనవేలితో
గడేసి పడవని నెట్టినంత మెల్లగా
ఇంకాస్త
అయ్యో, ఎక్కువైంది
మళ్లీ

కలిసింది.
ఎవరికీ తెలియలేదు. నాకు తెలిసింది.
అరికాళ్ల నుంచి నవ్వొచ్చింది,
పద్దెనిమిదేళ్లప్పుడు చిన్నాన్న మైకుసెట్టు కొట్లో
తలుపేసుకుని నవ్విన నవ్వు.

తలెత్తితే, మనుషులు.
పెళ్లికొడుకు బావమరిది దరువు తప్పి
తప్పిన చోటే కులాసాగా ఉన్నాడు.
ఒక పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని ఆడుతోంది.
ఏ ఫోనూ రాకుండానే సౌండు తగ్గించాను.
అడుగుల చప్పుడు మిగిలింది,
దాని కింద కప్పలు,
వాటి కింద ఏరు.

పల్లాలమ్మ అంట, పెళ్లికూతురి నాయనమ్మ,
గుండె అదిరిపోద్దని
మూడిళ్ల అవతల పడుకోబెట్టి తలుపులు మూశారట.
కర్ర పొడుచుకుంటూ వచ్చి
పెట్టె మీద అరచెయ్యి ఆనించి, దూడని నిమిరినట్టు నిమిరి,
"ఒరే అబ్బాయ్,
పాటలో మాటలు ఇనపడతన్నాయిరా" అంది.
నేనేం మాట్లాడలేకపోయాను.
ఆవిడకోసం ఒకటి
మొదలు నుంచి చివరిదాకా, దేంతోనూ కలపకుండా, వేశాను.

తెల్లారి తిరుగు పంటు.
అవతలి గట్టున లారీ అలాగే ఉంది,
ఏడో తారీఖు వాయిదా కూడా అలాగే ఉంది.
"పెట్టెలు అమ్మేద్దామా అన్నా?" అన్నాడు నూకరాజు.
ఆగరా, అన్నాను.
పంటు ఇంజను డుగ్ డుగ్ మంటోంది,
నా తలలో ఉన్న పాట కంటే
ఒక్క పిసరు నెమ్మదిగా.
ఇనప కమ్మీ మీద బొటనవేలు
దానంతటదే కదులుతోంది.