వెంట్రుకవాసి

గ్రిమ్స్‌బీలో జనవరి.
ఎముకలు కొరికే చలి అని ఊరికే అనలేదు మనవాళ్ళు.
రేవు మెట్ల మీద నీళ్ళు గడ్డకట్టిన రోజు
నా వరుసలో పద్నాలుగు మణికట్లు.

కిటికీ లేని గది. రెండు తెరలు, ఒక మైకు,
తాగడం మరిచిన టీ.
నేను డాక్టర్ని కాను.
పదిహేడేళ్ళు "కదలకండి, అంతే, అయిపోయింది" అన్నదాన్ని.
ఇప్పుడు ఆ కదలని వాటి గురించి వాక్యాలు చెబుతాను.
కింద నా పేరుంటుంది.

తొమ్మిదోది డెస్మండ్ క్లీ, యాభై ఎనిమిది.
ఫారం మీద ఒకటే ముక్క: చెయ్యి ఆనించి పడ్డాడు.
ముఖం చూడలేదు.
చిటికెనవేలి వెనక ఎముక
ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కుంది.
కుర్రతనంలో ఎవర్నో గుద్దాడు, లేకపోతే గోడని.
చూపుడువేలు చివర ఒక కణుపు లేదు.
చేపలు కోసే చెయ్యేమో.
"పాత గాయాలు" అని రెండు మాటల్లో ముగించాను.

బొటనవేలి మొదట్లో పడవ ఆకారపు చిన్న ఎముక.
పడవలు పోయిన ఈ రేవులో
మనిషికి రెండేసి మిగిలాయి.
నాలుగు వైపుల నుంచీ చూశాను,
తెలుపు పెంచి, తగ్గించి, ముక్కు తెరకి ఆనేదాకా.
"విరిగినట్టు కనిపించలేదు" అన్నాను మైకులో.
విరగలేదు అనలేదు.
ఆ రెంటి మధ్య ఇరుకులోనే నా జీతం.
"నొప్పి తగ్గకపోతే పది రోజులకి మళ్ళీ తీయండి."

పదకొండో రోజు అదే చెయ్యి.
పడవ నడుమున గీత, పాపిడి తీసినట్టు.

పాతది తెరిచి పక్కన పెట్టాను.
అదిగో. వెంట్రుకవాసి.
అప్పుడూ ఉందా,
ఇవాళ్టి గీతని నా కన్నే అక్కడ గీస్తోందా?
తేదీ మూసి రోవీనాకి చూపించాను.
చాలాసేపు చూసి "ఉన్నట్టే ఉంది" అంది,
"లేనట్టూ ఉంది. ఎవరు చూశారు?"

ముంజేతి కంకణానికి అద్దమెందుకంటారు.
ముంజేతి లోపలి సంగతి వాళ్ళకేం తెలుసు.
నెలాఖరు మీటింగు జాబితాలో
ఆ ఫిల్ము నంబరు నేనే ఎక్కించాను.

మధ్యాహ్నం క్యాంటీన్లో నా ముందు ఒకాయన,
మోచేతి దాకా కొత్త కట్టు,
పళ్ళతో సాస్ పొట్లం చింపలేక తిట్టుకుంటున్నాడు.
కట్టు చివర ఆ చూపుడువేలు, కణుపు తక్కువ.
"కాస్త ఇది చింపు తల్లీ."
చింపాను.
చేతులకి అంటిన వెనిగర్ వాసనతో
తిరిగి గదికి వెళ్ళాను.
వరుసలో ఆరు చీలమండలు, ఒక దవడ.