పడనిది

ఇలులిస్సాత్ ఆసుపత్రి, మూడో గది.
కిటికీ అవతల మంచుకొండ
పొద్దుట్నుంచీ కదిలిందో లేదో తెలీదు.

హాలిబట్ చేప కోస్తుంటే తెగిందట వేలు,
ఇప్పుడు మణికట్టు దాకా ఎర్రటి గీత.
బెబియానె ముసలమ్మకి జ్వరం ముప్పైతొమ్మిదిన్నర.
కోపెన్‌హేగెన్ నుంచి వచ్చి పదకొండు రోజులైన డాక్టర్ని నేను.

అడిగాను:
ఇదివరకు పెన్సిలిన్‌తో ఏమైనా ఇబ్బంది పడ్డారా?
నా వైపు చూసింది. ఏమీ అనలేదు.
మళ్ళీ అడిగాను, గట్టిగా,
చెవుడేమో అన్నట్టు.
ఏమీ అనలేదు.

మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ
దేనికి అంగీకారమో ఎవరు చూడొచ్చారు,
గళ్ళున్న కాగితం, వెనక ఇంకా ఆరుగురు.
రాశాను: ఏమీ లేదు.
సోల్వై సిరంజిలోకి మందు లాగి
బుడగ పోవడానికి గోటితో తట్టింది.

తలుపు దగ్గర నేల తుడుస్తున్న తుకుమ్మెక్
తుడుపుకర్రని గోడకి ఆనించింది.
ఆ గదిలో మాట్లాడినందుకు ఆమెకి జీతం లేదు.
"ఆవిడ రెండుసార్లు అవునంది డాక్టర్."

ఎప్పుడు?

తుకుమ్మెక్ కనుబొమ్మలు పైకి లేపింది,
గింజంత ఎత్తు. దించేసింది.
"ఇదీ అవునంటే."
ముక్కు చిట్లించింది.
"ఇదీ కాదంటే."

సోల్వై సిరంజిని ట్రేలో పెట్టిన చప్పుడు
చిన్నదే.
ఇప్పటికీ ఒక్కోసారి నిద్రలేపుతుంది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.
నా డేనిష్ ఆమెకి అర్థమవుతూనే ఉంది,
ఆమె జవాబే నాకు అర్థం కాలేదు.
ఈసారి తుకుమ్మెక్ అడిగింది, వాళ్ళ భాషలో.
ముసలమ్మ నోరు విప్పింది:
పెళ్ళికి ముందొక చలికాలం,
సూది వేసిన పూటే ఒళ్ళంతా దద్దుర్లు,
గొంతు మూసుకుపోయి
ఊపిరి ఈలలా వస్తుంటే
నాన్న స్లెడ్జి మీద పడుకోబెట్టి, రాత్రంతా.
ఆ కుక్కల పేర్లు కూడా చెప్పింది, తొమ్మిదింటివీ.
నేను గడియారం చూడలేదు.

ఒంటికి పడని మందు
కాగితం మీద పడలేదు,
నా కంట పడలేదు గనక.
నేల తుడిచే మనిషి చెవిన పడింది,
చెవిన కూడా కాదు.

కొట్టేసి రాశాను: పడదు. ఎర్ర సిరాతో.
వేరే మందు తెప్పించాం.
రాత్రి డ్యూటీకొచ్చిన యెప్పెకి నోటితో చెప్పాను,
చెప్పింది తిరిగి నాకు చెప్పమన్నాను.
నవ్వాడు. చెప్పాడు.
తుకుమ్మెక్ పేరు కూడా చెప్పమన్నాను.

తెల్లారి వెళ్ళి, కూర్చుని, అడిగాను:
నొప్పి తగ్గిందా?
అడిగి ఊరుకున్నాను,
ఆ ముడతల్లో ఏది కదులుతుందోనని.

ముక్కు చిట్లింది.

రాశాను: ఇంకా లేదట.