వాన మోడ్

డిండి వంతెన దాటినంక, చేపల వేపుడు వాసనల
నా పంచర్ షెడ్డు.
పట్నం సారు బండి మూడొద్దులాయె, ఆడనే ఉన్నది.
ఎనుక టైరుకు దిగిన మేకు తీసిన,
కొత్త టైరు కొరియర్ల వస్తే ఎక్కించిన.
ఫోన్ల జెప్పిండు సారు:
"జానయ్యా, ఒక రౌండు కొట్టి సూడు.
వాన మోడ్‌లనే నడుపు. మిగిలినయి ముట్టకు."

స్పీకర్ల ఇన్నది మణెమ్మ, కొర్రమీను తోముకుంట:
"మీద మబ్బు తునక లేదు.
వాన మోడేందిరా?"

తెర మీద నాలుగు పేర్లున్నయి.
వాన, రోడ్డు, స్పోర్టు,
ఆఖరుది రేసు. దానికి సారు తాళమేసుకున్నడు.
లోపట నూట తొంభై గుర్రాలంట.
వాన మోడ్‌ల సగం గుర్రాలకు పలుపేసి
సగమే ఇడుస్తదంట కంప్యూటర్.

నాకు బోరు మోటరు యాదికొచ్చింది.
మూడు ఫేజులల్ల ఒకటి పోయిన రాత్రి
గూ అని మూలిగి మూలిగి వైండింగు కాలింది,
తెల్లారేదాక పొలమంత కమురు వాసన.
ఈ బండి సగంల నడిచినా సల్లగనే ఉన్నది.
లేక తగ్గుడు ఒకటి,
ఉండి తగ్గుడు ఒకటి.
రెండోది నాకెన్నడు దొరకలే.
కిస్తీకి ఫైనాన్సోడు షెడ్డు ముందల నిలవడితే
నేను గూడ వాన మోడ్‌లకే పోత,
గొంతు సగం, నడుము సగం.

హాజీపూర్ దిక్కు పోనిచ్చిన.
మణికట్టు ఎంత తిప్పితే అంతే ఇచ్చింది,
కిరాణం దుకాణపామె చిల్లర లెక్కవెట్టినట్టు.
మంచి బండి. మర్యాద బండి.
ఐదు కిలోమీటర్లు పోయినంక
ఆ మర్యాదకే నాకు యాష్టకొచ్చింది.

ఎడమ బొటనేలు కింద బటన్.
నొక్కిన. అక్షరాలు మిణుకుమన్నయి గానీ మారలే.
మల్ల నొక్కిన. మల్ల మిణుకు.
అప్పుడు సమజైంది,
కుడిచేతి పిడి ఇడిసిపెట్టాలె.
గుంజుకుంట గుంజుకుంట మోడ్ మారదు,
ఒక్క రెప్పపాటు
బండిని ఏమీ అడగకుండ ఉండాలె.
ఇడిసిన.
మారింది.

ఇగ ఏం జెప్పాలె.
తుమ్మచెట్లన్ని కలిసి ఒక్క పచ్చగీత.
కడుపు ఎనుకనే ఉండిపోయింది, నేను ముందుకొచ్చిన.
ముప్పై తొమ్మిదేండ్లల్ల మొదటిసారి
ఒకటి అడిగితే నాలుగొచ్చినయి.
హెల్మెట్ల ఎవడో నవ్వుతున్నడు.
నేనే.

మలుపు కాడ సగం రోడ్డుకు వడ్లు ఆరబోసిండ్రు.
అంచు పొంటి రాళ్లు.
పక్కన తువాల మొఖం మీదేసుకొని ఒక మనిషి నిద్ర.
ఎనుక టైరు గింజల మీదికి వోయి
జర్రున జారింది,
నా పానం జారినంత దూరం జారి
మల్ల తారు దొరకవట్టుకున్నది.
నాలుగు గింజలెగిరి ఆ మనిషి పిక్క మీద వడ్డయి.
ఆయన లేవలే.

వాన లేని తొవ్వ మీద వడ్లే వాన.

పిడి ఇడిసిన. బొటనేలు నొక్కిన.
ఈసారి ఎవరూ జెప్పలే.

పొద్దుగూకంగ సారొచ్చిండు.
తెర మీద వాన గుర్తు సూసి తల ఊపిండు,
ఐదు నూర్లు ఎక్కువనే ఇచ్చిండు.
ముందటి అద్దం నేను రెండుసార్లు తుడిసిన.
లైటు సందుల మాత్రం
తూనీగ రెక్క ఒకటి ఇరికి ఉన్నది, మెరుసుకుంట.
సారు సూడలే.
మణెమ్మ సూసింది.