మైనం డబ్బా

కాశీబుగ్గ డిపోలో మిషను నా చేతిలో ఉంటుంది.
వేలు పెట్టమంటాను.
ఎర్రలైటు.
ఇంకో వేలు. ఎర్రలైటే.
ఢిల్లేశ్వరి నన్నేమీ అనదు,
తన వేళ్ళనే చూసుకుంటుంది
మాట వినని పిల్లల్ని చూసినట్టు.

పాతికేళ్ళుగా జీడిపిక్కలు కొట్టిన చేతులు.
పిక్క పగిలితే పప్పు షావుకారికి,
చమురు చేతికి.
నల్లబడి, పొరలు లేచి,
ఆఖరికి గీతలన్నీ పోయి నున్నన.

ఆ రాత్రి అమ్మనడిగాను.
"అందల ఏటుందిరా!
మైనం ఒక పాలు, కొబ్బరినూనె నాలుగు పాలు.
కరగనియ్యి, మరగనియ్యకు.
మరిగిందా, సచ్చిందే."

మందస సంతలో, కొండ దిగొచ్చిన సవర ముసలమ్మ
అడ్డాకులో చుట్టిచ్చింది మైనం ముద్ద.
తేనె పొద్దున్నే అమ్ముడైపోయిందట.
ముద్దలో కాస్త పొగ వాసన,
ఒక తేనెటీగ కాలు.
నూనె ఉద్దానంలో మా పెదనాన్నది,
తుపాను వదిలేసిన పదకొండు చెట్లది.

నీళ్ళగిన్నెలో చిన్నగిన్నె నిలబెట్టాను.
మైనం చాలాసేపు మొండికేసింది,
తర్వాత అంచులు వదిలేసి
ఉన్నట్టుండి అద్దమైపోయింది.
పాత పంచె ముక్కలో వడకట్టాను.
ఈగ కాలు గుడ్డలో ఉండిపోయింది.
చల్లటి పళ్ళెం మీద ఒక బొట్టు:
గోటికి లొంగాలి, వేలికి కరగాలి.
రాయైంది.
"చలికాలం మైనం తగ్గించాలని తెలవదేటి?"
అమ్మ గొంతులో ఎంత సంతోషమో.
మళ్ళీ నూనె. మళ్ళీ పొయ్యి.

ఈసారి తనే చెయ్యి చాపింది
ఉప్పు చూసేవాళ్ళలా.
అమ్మ బట్టీ మానేసి తొమ్మిదేళ్ళు.
బొటనవేలి మీద సుడి
సగం తిరిగొచ్చింది.
మిగతా సగం ఏ జీడిబస్తాలో ఉందో.

ఇప్పుడు కాటా పక్కన ఒక డబ్బా,
ఒకప్పుడు తలనొప్పి మందుది.
రాత్రి రాసుకుని పడుకోండి,
పొద్దున్న సబ్బుతో కడిగి రండి, అంటాను.
కొందరు నవ్వుతారు.
ఒకాయన మడమలకి పట్టుకెళ్ళాడు.

మూడో నెల, నాలుగో వేలు,
ఢిల్లేశ్వరి ఉంగరపు వేలికి
పచ్చలైటు వెలిగింది.
బియ్యం తూచాను. సంచీ పట్టలేదావిడ.
"ఇంకోపాలి ఎట్టనా బావూ," అంది,
"నానేనో కాదో సూద్దారి."