గండి

దర్గామిట్ట సందులో మా ల్యాబు.
కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయి వచ్చాక
శీనయ్య కిడ్నీ ముక్కను
మైక్రోస్కోపు కింద పెట్టాను.

గోధుమరంగు పట్టిస్తే నెత్తురుదారులు తేలతాయి.
ఇవి ఎవరూ కొలతేసి తవ్వినవి కావు.
రాత్రికి రాత్రి పారతో కొట్టిన గండ్లు.
వంకరపోయి, తమలో తామే కలిసి,
కొన్ని ఎక్కడికీ పోకుండానే ఆగిపోయి,
గట్టు నిలవక చుట్టూ ఊటలెత్తి బురద.
ఊపిరాడని కణితి కేకేసినట్టుంది,
నెత్తురు వంగి వచ్చింది.

కాపలా కణాలు రాలేదని కాదు.
వచ్చాయి. నీలం చుక్కలై ఒడ్డునే గుంపుగా నిలబడ్డాయి.
దిగడానికి రేవు లేదు, మెట్లు ఎవరో పీకేశారు.
ఎట్లో దిగిన నాలుగూ
ఆ పులిసిన నీళ్ళలో గాలి చాలక మొద్దుబారాయి.
ఇంకొన్ని ఉన్నాయి, చెత్త మింగే పెద్ద కణాలు,
ఊడ్చడానికని వచ్చి
దొంగ చేతి పార అందుకొని
కొత్త గండ్లు కొడుతున్నాయి.

రిపోర్టు కోసం శుక్రవారం ఆయనే వచ్చాడు,
కనిగిరి రిజర్వాయరు కింద ముప్పై రెండేళ్ళు లస్కరు.
"డాక్టరు రెండు మందులు రాశాడమ్మా,
ఒకటి మాత్ర, ఒకటి సెలైన్లో ఎక్కించేది.
తూము పూర్తిగా మూసేస్తే పోలేదా అన్నా.
మూస్తే నీ కాపలావోళ్ళు మాత్రం యాడ పోతారు?
ముందు ఆ దొంగకాలవల్ని కొంచెం తిన్నగా చేద్దాం,
వాళ్ళు నడిచిపోయేటట్టు, అన్నాడు."

నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది.
"నేనూ అట్టాంటోణ్ణేలే.
రొయ్యలగుంట ఆసామి రాత్రికి మూడొందలిచ్చేవోడు.
టార్చిలైటు నేనే పట్టా.
కింద విడవలూరు దిక్కు ఎవురి చేను ఎండిందో
చూడబొయ్యిందే లేదు."

మా నాన్న చేను ఎండింది.
మొలగొలుకులు పొట్ట మీద మాడితే
గొడ్లను తోలిన ఏడు నాకు పదకొండు.
చెప్పలేదు.
కవరు మీద పేరు సరిగా ఉందో లేదో
రెండుసార్లు చూసి ఇచ్చాను.

మూడు నెలలకు ఇంకో ముక్క వచ్చింది.
గోధుమ గీతలు పలచబడ్డాయి,
కొన్ని నిటారుగా, గట్టు కట్టుకొని.
నీలం చుక్కలు ఒక మూల లోపలిదాకా దిగాయి.
ఇంకో మూల ఇంకా బురదే.
లెక్కపెట్టడం మొదలుపెట్టాను.
నలభై ఒకటి దగ్గర
కరెంటు పోయింది.

కన్ను తియ్యకుండా అట్టే కూచున్నాను,
వంతు రాని రాత్రి మడవ పక్కన
నీళ్ళ చప్పుడు కోసం మా నాన్న కూచున్నట్టు.