బిగుసుకున్న తలుపు

మా ఊళ్లో మంచు
డిసెంబరులో వచ్చి
వెళ్లే దారి మరిచిపోతుంది.
అకితా కొండల వెనక, రోజుకి మూడు రైళ్లు ఆగే చోట,
పైకప్పు మీద మీటరు ఎత్తు పేరుకున్నా
ఇల్లు ఏమీ అనదు.
దూలం మూలగదు, గోడ బీటలు తీయదు.
ఒక్కటే గుర్తు.
నిన్నటిదాకా చిటికెన వేలికి జరిగిన కాగితం తలుపు
ఇవాళ రెండు చేతులు అడుగుతుంది.

షిగెనో అవ్వకి డెబ్భై మూడు.
ముప్ఫయ్యేళ్లు కరెంటు మీటర్లు చదివింది,
ఇప్పుడు తలుపులు చదువుతోంది.
గడప దగ్గర బూట్లు విడిచి, "అబ్బ, ఏం చలి!" అంటూ
ముందు తలుపుని అటూ ఇటూ జరిపి చూస్తుంది,
తర్వాత మనిషి ముఖం.

నేను ఆరోగ్య కేంద్రంలో కొత్త నర్సుని.
నా సంచిలో తొమ్మిది ప్రశ్నల కాగితం,
ప్రశ్నకి నాలుగు గళ్లు.
యాపిల్ తోట హిసమత్సు గారు
అన్నిటికీ మొదటి గడిలోనే టిక్కు పెట్టి,
పెన్నుకి మూత పెట్టి, నా చేతికిచ్చారు.
"బాగానే ఉన్నాను."
నేను కాగితం మడిచాను.
అవ్వ మాత్రం టీ సగంలో ఆపి అడిగింది:
"ఈ ఏడు ముల్లంగి ఊరెయ్యలేదేం?"

ఆయన చాలాసేపు స్టవ్ మీది కెటిల్‌ని చూశారు.
"ఒక్కడికి అంత జాడీ ఎందుకని..."
ఆ మాట చివరిదాకా రాలేదు.
రమ్మని ఆమె పిలవలేదు.
"గురువారం మా ఇంట్లో ఊరేస్తున్నాం.
జాడీ మీద పెట్టే రాయి నాకు లేవడం లేదు,
నువ్వొచ్చి ఎత్తిపో."

దారిలో అడిగాను, జబ్బేనంటావా అని.
"ఇంకా కాదు." పార భుజం మార్చుకుంది.
"కప్పు కూలాక చూడ్డానికి ఊరంతా వస్తుంది, పిల్లా.
ఇప్పుడైతే ఒక్కరు చాలు."

గురువారం ఆయన రాయి ఎత్తారు.
నవ్వారని రాస్తే అబద్ధం.
ఎవరో అప్పుల సంగతి తీశారు, ఎవరో మోకాళ్ల సంగతి,
ఉప్పు ఎక్కువైందని కాస్త గొడవైంది.
శుక్రవారం ఆయన మళ్లీ వచ్చారు,
చేతితొడుగు మరిచిపోయానంటూ.
అది ఆయన జేబులోంచి తొంగి చూస్తూనే ఉంది.
అవ్వా నేనూ ఇల్లంతా వెతికాం.

ఫిబ్రవరి చివర, నిన్న,
అవ్వ ఇంటి తలుపు
నా రెండు చేతులకీ లొంగలేదు.
లోపల్నించి "బాగానే ఉన్నాను" అంది.
ఆ మాట నేను ఇంతకుముందు విన్నాను,
మొదటి గడిలో.
మూడు వారాలుగా ఆమె తలుపు జరిపి చూసినవాళ్లు
ఎవరూ లేరని అప్పుడు తట్టింది.

కాగితం సంచిలోనే ఉంచాను.
నాకు పార పట్టుకోవడం రాదు.
హిసమత్సు గారికి ఫోన్ చేశాను.
ఆయన ఏమైందని అడగలేదు.
"అక్కడ నిచ్చెన ఉందా,
మాది తెమ్మంటావా?"